సెల్ఫ్ రిలే పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: టీక రాయాలంటే ముందు మూలం ఉండాలి. ముసలి అంబాసిడరుకు సెల్ఫ్ రిలే కట్టే విషయమై పూర్వకవుల పద్యమేదీ దొరకదు గనుక వ్యాఖ్యాతే ఒక ఆటవెలది కట్టుకోవలసి వచ్చింది. చోడవరంలో వెలసిన స్వయంభూ విఘ్నేశ్వరుడికి నమస్కరించి మొదలుపెడుతున్నాం. పొద్దున్నే పాడేరు బాడుగ ఉండగా బండి లేవకపోవడం కంటే పెద్ద విఘ్నం డ్రైవరుకు మరొకటి లేదు. 2022లో ఊరు విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది గానీ, పాత బళ్ల వైరింగు ఎక్కడిదక్కడే ఉంది.

తాళమాజ్ఞ లిచ్చు, దానికేలా మోత?
మోత మోయు గాదె మోటు తీగ;
ఉభయములకు నడుమ నొక రిలే యుంచిన
కాలు దువ్వి లేచు కారు ముసలి.

ప్రతిపదార్థం: తాళము = డ్యాష్‌బోర్డులోని ఇగ్నిషన్ స్విచ్; మోత = ఆంపియర్ల బరువు; మోటు తీగ = బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే లావు వైరు; ఉభయములకు నడుమ = తాళానికీ, సెల్ఫ్ మోటారు నెత్తిన కూర్చున్న సోలినాయిడ్‌కూ మధ్య; రిలే = చిన్న కరెంటు ఆజ్ఞతో పెద్ద కరెంటును కలిపే స్విచ్; కాలు దువ్వి = మొదటి తిప్పుడుకే. ముసలి కారును ‘కారు ముసలి’ అన్నది యతి కోసం పడిన పాటు. చోడవరంలో ఎవరూ అలా అనరు.

టీక: తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుందనడం లోకవ్యవహారం. నిజానికి తాళం నుంచి వెళ్లిన కరెంటు సోలినాయిడ్‌ను లాగితే, సోలినాయిడ్ మోటారును బ్యాటరీకి కలుపుతుంది. సోలినాయిడ్‌లో రెండు చుట్లుంటాయి: ఒకటి ప్లంజరును లోపలికి లాగేది, రెండోది లాగినదాన్ని పట్టి ఉంచేది. లాగే చుట్టు పనిచేసేది రెప్పపాటే అయినా ఆ కాసేపట్లో 30, 40 ఆంపియర్లు తాగగలదు. అంత కరెంటూ బ్యాటరీ దగ్గర బయలుదేరి, డ్యాష్‌బోర్డు దాకా వెళ్లి, స్విచ్‌లోని చిటికెడు పాయింటు మీదుగా దాటి, మళ్లీ ఇంజను దాకా రావాలి. దారి పొడుగునా చిలుమెక్కిన జాయింట్లు, కాలి నల్లబడిన పాయింటు. అన్నీ కలిపి నిరోధం 0.1 ఓమ్ అనుకుందాం. 1827లో ఓమ్ ప్రకటించిన లెక్క ప్రకారం 30 ఆంపియర్లకు 3 వోల్టులు దారిలోనే ఖర్చు. 12లో మిగిలిన 9తో ప్లంజరు సగం కదిలి టిక్కుమని ఆగుతుంది, డ్రైవరు స్పానరు తీసి సెల్ఫ్ నెత్తిన నాలుగు వేస్తాడు. ఇప్పుడు అదే దారి చివర రిలే పెట్టి చూడండి. రిలే చుట్టు నిరోధం సుమారు 80 ఓమ్‌లు, అది తాగేది 0.15 ఆంపియరు. దారిలో పోయేది వోల్టులో అరవయ్యో వంతు కూడా ఉండదు. సోలినాయిడ్ ఆకలి తీర్చే పని బ్యాటరీ నుంచి రిలే మీదుగా వచ్చే పొట్టి లావు వైరుది.

తాత్పర్యం: గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో మేనేజరు గంట కొట్టించాలి గానీ చెరకు బండి లాగకూడదు. ఇది కొత్త తెలివి కాదు. 1835లో జోసెఫ్ హెన్రీ రిలే కట్టాడు. దూరం నుంచి నీరసించి వచ్చిన తంతి కరెంటు కొత్త బ్యాటరీని మేల్కొలిపితే చాలునన్న సూత్రం మీదే తర్వాత టెలిగ్రాఫు నడిచింది.

ఆక్షేప సమాధానాలు: ‘కంపెనీ వాడికి తెలియదా? అవసరమైతే వాడే పెట్టేవాడు’ అంటారు. కంపెనీ కట్టింది కొత్త బండికి. ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ ఆగిందే 2014లో. ఆఖరి బండి పాయింట్లు కూడా ఇన్నేళ్లూ నిప్పురవ్వలు మింగుతూనే ఉన్నాయి. ‘కొత్త స్విచ్ వేస్తే పోదా?’ పోతుంది, అదీ కాలేదాకా. ‘భాగాలు పెరిగితే రిపేర్లు పెరుగుతాయి’ అన్న మాటలో పస ఉంది. రిలే కూడా చస్తుంది. కానీ దాన్ని పీకి డిక్కీలో ఉన్న ఇంకోదాన్ని గుచ్చడం నిమిషం పని. డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకుని స్విచ్ విప్పడం అలాంటిది కాదు. అన్నిటికంటే గట్టి ఆక్షేపం మరొకటి: రిలే అసలు రోగాన్ని కప్పిపుచ్చుతుందని. అందుకే ముందు మీటరు పెట్టాలి. ఒకరు తాళం తిప్పి పట్టుకోగా, బ్యాటరీ ప్లస్‌కూ సోలినాయిడ్ చిన్న టెర్మినల్‌కూ మధ్య వోల్టేజి చూడాలి. ఒక వోల్టు దాటితే పద్యం వర్తిస్తుంది. అంతగా లేకపోతే బ్యాటరీనీ, ఇంజను ఎర్త్ పట్టీనీ అనుమానించాలి. అక్కడ పది రిలేలు కట్టినా దండగే. చేత్తో లాగే స్టార్టరున్న మరీ పాత బళ్లకు పద్యంతో పనే లేదు, వాటి తాళం ఈ బరువును ఎన్నడూ మోయలేదు.

అన్వయం: రిలే కాళ్ల మీది అంకెల ప్రకారం 85 ఎర్త్‌కు, 86 తాళం నుంచి వచ్చే పాత వైరుకు, 30 బ్యాటరీకి, 87 సోలినాయిడ్‌కు. బ్యాటరీ వైపు వైరుకు మొదట్లోనే ఫ్యూజు ఉండాలి. రిలే కాళ్లు కిందికి చూడాలి, వాన నీళ్లు నిలవకుండా.

పాఠాంతరం: అయిదు కాళ్ల రిలే దొరికినచోట కొందరు 87 బదులు 87ఏ అని చదువుతారు. రిలే నిద్రపోతున్నప్పుడు 30తో కలిసి ఉండేది ఆ కాలే. ఆ పాఠం ప్రకారం బ్యాటరీ బిగించిన క్షణమే, తాళం జేబులో ఉండగానే సెల్ఫ్ తిరుగుతుంది. గేరులో ఉన్న బండయితే మెకానిక్ మీదికే వస్తుంది. కనుక ఆ పాఠం అగ్రాహ్యం.