గుట్ట ఎక్కని ఇద్దరు

(హనుమకొండ. పద్మాక్షి గుట్ట కింద ఆదివారం పొద్దున. కండల్‌రావు, శవాసనం శర్మ మెట్ల మీద కూలబడి ఉన్నారు. ఇద్దరూ దర్శనానికే వచ్చారు.)

శర్మ: ఏం నాయనా, పైకి వెళ్లవా?

కండల్‌రావు: నిన్న లెగ్ డే సార్. వంద కిలోలు మోసిన కాళ్లివి. మెట్టును చూస్తే వణుకుతున్నయి. మీరు ఎక్కరాదుండ్రి?

శర్మ: పది మెట్లు ఎక్కాను. ఆయాసం వచ్చి దిగాను. మనసు మాత్రం పైకి చేరింది. దేహం ఎక్కడుంటే ఏం?

కండల్‌రావు: ఏండ్ల సంది యోగా అంటరు గదా!

శర్మ: అన్నింట్లో నాకు పట్టుబడింది శవాసనమే. అందుకే మిగతావి మానేశాను. జూన్ 21న మాత్రం సూర్యనమస్కారాలు చేస్తాను, ఫొటోగ్రాఫర్ వెళ్లేదాకా.

కండల్‌రావు: నేనైతే ఒక్కరోజు మానలే. పెండ్లినాడు గూడ జిమ్‌కు పోయిన. తలంబ్రాలప్పుడు చెయ్యి లేవకపోతే మా బామ్మర్ది పట్టి లేపిండు.

(పాత పైల్వాన్ మల్లయ్య నొసట కుంకుమతో మెట్లు దిగుతూ వస్తాడు. వయసు డెబ్బై దాటింది.)

మల్లయ్య: ఏంది, ఈడనే కూసున్నరు? అమ్మవారే దిగి రావాల్నా?

కండల్‌రావు: తాతా, తాలీంల ఎన్ని సెట్లు కొట్టేటోళ్లు?

మల్లయ్య: సెట్లు నాకేం ఎరుక? దండీలు, బైఠకులు, మట్టిల కుస్తీ. అయినంక నూనె పెట్టి మాలిష్. ఒంట్లె నొప్పి దిగేదాక ఉస్తాద్ మళ్ల గోదాల దిగనియ్యకపోవు.

కండల్‌రావు: రెస్ట్ తీసుకుంటే కండ కరగదా?

మల్లయ్య: బరువెత్తినప్పుడు కండ నలుగుతది బిడ్డా. అది కూడుకొని పెరిగేది తిన్నంక, పండుకున్నంకనే. నా మనుమరాలు నర్సు. ఓర్వలేని పని ఒక్కపారే చేస్తే కండ చితికి, దాంట్లది రక్తంల కలిసి కిడ్నీలను కొడ్తదని చెప్పింది. ఉచ్చ డికాషన్ రంగుల వస్తే కోచ్‌కు ఫోన్ చెయ్యకు, దవాఖానకు ఉరుకు.

శర్మ: నేను చెప్పేదీ అదే! హాయిగా పడుకోవాలి.

మల్లయ్య: ఆగుండ్రి సారూ. ఒళ్లు వంచినోనికి పండుకునుడు మందు. వంచనోనికి గదే రోగం. ముప్పై దాటినంక వాడని కండ మెల్లమెల్లగ తరుగుతది. ఎముక గూడ బరువు పడితేనే గట్టిగుంటది.

శర్మ: అంటే యోగాను, ప్రాణాయామాన్ని తీసిపారేస్తున్నారు!

మల్లయ్య: ఎవలు పారేసిండ్రు? వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు సంగతి ఇనలేదా? రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకునేటోడు. ఆయననే వాయుస్తంభన, జలస్తంభన గూడ సాధన చేసిండు. మీరిద్దరు ఆయనను చెరిసగం పంచుకున్నరు. నువ్వు రొమ్ము తీసుకున్నవు, సారు ఊపిరి తీసుకున్నరు. పూరా మనిషి ఎవ్వరికీ దక్కలే.

కండల్‌రావు: అయితే లెక్క చెప్పు, యాప్‌ల ఎక్కిస్త.

మల్లయ్య: 2020ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కను మనుమరాలు మా ఇంట్ల గోడకు అంటించింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు జోరుగ నడవాలె. లేకుంటే 75 నుంచి 150 నిమిషాలు రొప్పొచ్చే పని చెయ్యాలె. కండలకు పని రెండు రోజులకు తగ్గొద్దు. అరవై ఐదు దాటినోళ్లు మూడు రోజులు తూలకుండ నిలబడే కసరత్తు గూడ చెయ్యాలె. నన్నడిగితే, బరువులెత్తిన మర్నాడు భద్రకాళి బండ్ మీద మెల్లగ నడువుండ్రి, ఆసనాలెయ్యుండ్రి. రాత్రి ఏడు గంటలు ఫోన్ పక్కన పెట్టి పండుకోండ్రి.

శర్మ: వారానికి రెండు రోజులు బరువులా! నా ప్రశాంతత ఏం కావాలి?

కండల్‌రావు: మెల్లగ నడుసుడా! నా స్టేటస్‌ల ఏం పెట్టాలె?

మల్లయ్య: ఎక్కనీకె కాళ్లు లేవు, దమ్ము లేదు గని స్టేటస్ కావాల్నా? రేపు సోమవారం. సారూ, మీరు జిమ్‌కు పోండ్రి. బిడ్డా, నువ్వు ఇంటికి పోయి పండుకో.