నేను పాదరసం బీపీ మిషన్ని

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ బల్ల మీద ఉంటాను. మూత ఎత్తితే గాజు గొట్టం, పక్కన సున్నా నుంచి 300 దాకా గీతలు. ఒక్కో గీత పాదరసం ఎంత ఎత్తుకు లేచిందో మిల్లీమీటర్లలో చెబుతుంది. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు గుర్రం రక్తనాళానికి గాజు గొట్టం తగిలించి చూసిన సంగతి 1733లో పుస్తకంగా అచ్చువేశాడు. రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగసింది! పాదరసం నీటికన్నా 13 రెట్లు మించి బరువు కాబట్టే నాకు అడుగు పొడవు గొట్టం చాలింది. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి చేతిపట్టీ తగిలించాడు. ఆయనకు పై అంకె ఒక్కటే తెలిసేది. 1905లో రష్యా వైద్యుడు కొరోత్కోవ్ స్టెతస్కోపుతో వినడం నేర్పాక కింది అంకె కూడా దొరికింది.

చేతిపట్టీలో నింపిన గాలి వదులుతుంటే తొలి చప్పుడు వినిపించిన చోట పై అంకె, చప్పుడు ఆగిన చోట కింది అంకె. పైది 120కీ, కిందిది 80కీ లోపుంటే మంచిది. వేర్వేరు రోజుల్లో చూసినా పైది 140, కిందిది 90, ఏ ఒక్కటైనా అంతకు తగ్గకపోతే మన డాక్టర్లు బీపీ ఉందంటారు.

నాడి సంగతి వేరు. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లకు నిమిషానికి 60 నుంచి 100. పసిబిడ్డకు 130 సహజమే, పరుగు పందేల క్రీడాకారుడికి 50 అయినా జబ్బు కాదు. తాళం తప్పితే మాత్రం డాక్టరుకు చూపించాలి.

ఎండలో నడిచొచ్చి, గుక్కెడు టీ తాగి, వెంటనే చెయ్యి చాపుతారు. అప్పుడు నేను చూపేది ఆ నడకనీ ఆ టీనీ కూడా. టీ, బీడీ మానేసి అరగంట కావాలి. వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి.

నన్ను కలచివేసేది ఇంకొకటి. "నాకే నొప్పీ లేదమ్మా, మాత్రలెందుకు?" అంటారు. బీపీ చాలామందిలో ఏ నొప్పీ చూపించదు. నొప్పి లేకుండానే గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది, పక్షవాతం తెస్తుంది. అంకె దిగిందని మాత్రలు ఆపేస్తారు, దాన్ని దించింది ఆ మాత్రలే.

పాదరసం విషం. నా స్థానంలోకి డిజిటల్ మిషన్లు వస్తున్నాయి, అది న్యాయమే. మిషన్ ఏదైనా ముప్ఫై దాటినవాళ్లు దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి బీపీ చూపించుకోండి. డాక్టరును అడగకుండా మాత్ర ఆపకండి.