ముహూర్తము మించిన స్వయంవరము

అమెరికాదేశమున అధ్యక్షపదవికి నిలువవలసిన అభ్యర్థిని పార్టీపెద్దలు తలుపులు మూసికొని నిర్ణయించు కాలము గతించినదనియు, ఇప్పుడు సామాన్యపౌరులే ప్రైమరీ యను స్వయంవరమున వరమాల వేయుదురనియు ఆ దేశీయులు సగర్వముగా చెప్పుకొనుట మన మెఱిగినదే. వినుటకు మనోహరముగానే యున్నది. కాని 2024 జూన్ 4వ తేదీన న్యూజెర్సీ, మోంటానా, న్యూమెక్సికో, దక్షిణ డకోటా డెమొక్రాట్ల చేతికి ఆ మాల వచ్చునప్పటికి వరుడు విడిదింట కుదురుకొని పండ్రెండు వారములైనది! మార్చి 12వ తేదీననే బైడెన్ అభ్యర్థిత్వమునకు తనకు వలసిన 1,968 మంది పార్టీ ప్రతినిధులను, రిపబ్లికన్ల పక్షమున ట్రంప్ తనకు వలసిన 1,215 మందిని కూడగట్టుకొని యుండిరి.

అయినను న్యూజెర్సీలో ఉదయము ఆఱు గంటలకే పోలింగు కేంద్రములు తెఱచి రాత్రి యెనిమిది వఱకు తెఱచియే యుంచిరి. ఎడిసన్ పట్టణమున పౌరసత్వము పొందిన మన తెలుగువాడు పనిలోనికి పోవు త్రోవలో దిగి, సంతకము చేసి, ఎన్నడో తేలిన లెక్కకు తన యొక యోటును జతపఱచి, 'ఓటు వేసితిని' అను స్టిక్కరును చొక్కాకు అంటించుకొని పోవుట కే యాటంకమును లేదు. అదే దినమున సెనేటు అభ్యర్థిత్వమును ఆండీ కిమ్ గెలుచుకొనలేదా యని సమర్థకు లడుగుదురు. గెలుచుకొనెను, సంతోషమే. అట్లైన అధ్యక్షుని పేరు బ్యాలెట్టుపై అలంకారార్థ ముంచితిమని స్పష్టముగా చెప్పిన బాగుండును గదా!

ఇండియానా రిపబ్లికన్లు ఇంతకంటె గడుసువారు. నిక్కీ హేలీ మార్చి 6వ తేదీననే పోటీనుండి తొలగినను, మే 7వ తేదీన అచటి ఓట్లలో ఐదవవంతునకు మించి ఆమెకే పడినవి. ఫలితము ముందే తెలిసిన యెన్నికలో అర్థవంతమైన యోటు పోటీలో లేనివారికి వేసినదే యని వారికి తోచి యుండును.

జూన్ ఓటరునకు దక్కిన గౌరవ మంతటితో ముగియలేదు. జూలై 21వ తేదీన బైడెన్ తప్పుకొనెను. ఆగస్టులో పార్టీ ప్రతినిధులు, ఆ యేటి ప్రైమరీలలో అధ్యక్షాభ్యర్థిగా నిలువనే నిలువని కమలా హ్యారిస్‌ను అభ్యర్థినిగా నెన్నుకొనిరి. న్యూజెర్సీ ఓటరును మఱల పిలిచి యడిగినవారు లేరు. ఆ జూన్ ఎన్నిక ఖర్చు మాత్రము ప్రజల పన్నులనుండియే చెల్లినది.