లింకు పంపితే పాఠం చెప్పినట్టే

పెద్దవాళ్లకు ఆన్‌లైన్లో ఇంగ్లీషు నేర్పాలని మీకు బుద్ధి పుట్టిందా? శుభం. పలకా బలపం అక్కర్లేదు, ఒక ఫోనూ ఒక వాట్సాప్ గ్రూపూ చాలు. గ్రూపు పేరులో 'ఫ్లూయెన్సీ' అన్న మాట ఉండాలి. డీపీగా బిగ్ బెన్ పెట్టండి, మీరు విజయనగరం దాటకపోయినా సరే.

గ్రూపులో ఒకాయన క్యాబ్ డ్రైవరు. ఒకావిడ కూతురి పురుటికి డాలస్ వెళ్లబోతున్నారు. వాళ్లకేం కావాలో అడక్కండి, అడిగితే చెప్పేస్తారు. 'ఏ గేటు దగ్గరున్నారు, రెండు నిమిషాల్లో వస్తా' అని ఫోన్లో అనగలిగితే ఆయనకు చాలు. ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఎవరింట్లో దిగుతారు అంటే జవాబు చెప్పగలిగితే ఆవిడకు చాలు. నాలుగు వారాలు కూర్చుంటే తేలిపోయే పనులు. తేలిపోతే మీ గ్రూపేం కాను? అందుకని 44 ధ్వనుల పట్టికతో మొదలెట్టండి.

మొదటి రోజే నలభై లింకులు పంపండి, అదీ రాత్రి పదకొండు దాటాక. బీబీసీ, బ్రిటిష్ కౌన్సిల్, వీఓఏ, ఏదీ వదలొద్దు. అయితే ఒక్కటీ మీరు తెరిచి చూడకండి. చూస్తే ఇబ్బందులున్నాయి. యూఎస్ఏ లెర్న్స్ ఉంది చూశారూ, కాలిఫోర్నియాలో శాక్రమెంటో కౌంటీ విద్యా కార్యాలయం వాళ్లు వలస వచ్చిన పెద్దవాళ్ల కోసమని 2008లో పెట్టిన సైటు. పైసా అడగరు. డాలస్ అమ్మగారు దాంట్లో వీడియోల రుచి మరిగితే మీ పట్టిక మొహం చూడరు. కాబట్టి ఆ లింకును ముప్ఫై ఏడో నంబరుగా పెట్టండి, అక్కడిదాకా ఎవరూ రారు.

వీఓఏ, అంటే వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్లు 1959లోనే 'స్పెషల్ ఇంగ్లిష్' మొదలెట్టారు. దాదాపు 1,500 మాటలతో, పొట్టి వాక్యాలతో వార్తలు రాసి, మామూలు కంటే నిదానంగా చదివేవారు. నిదానంగా చదివితే అర్థమైపోతుంది, జాగ్రత్త. మీ బ్యాచ్‌కి ఫాస్టుగా అరుచుకునే టీవీ చర్చలే శ్రేష్ఠం. బ్రేకింగ్ న్యూస్ ఇంగ్లిష్ అనే సైటులో వార్తను తేలిక నుంచి కష్టం దాకా మెట్లుమెట్లుగా రాసి పెడతారు, లెవెల్ 0 నుంచి లెవెల్ 6 దాకా. మీరు ఆరుతోనే ఎత్తుకోండి. సున్నా అంటే వాళ్లకు అవమానంగా ఉంటుంది పాపం. బీబీసీ వారి '6 మినిట్ ఇంగ్లిష్'కి ఆడియోతోపాటు అందులోని సంభాషణంతా రాసి ఇస్తారు. ఆ రాత ఒక్కటే పీడీఎఫ్ చేసి పంపండి. ఆడియో దండగ, డేటా ఖర్చు.

ఒక రహస్యం మాత్రం బయటికి పొక్కనివ్వకండి. డ్రైవరుగారి మాట వినండి: "సార్, లొకేషన్ రాంగ్ చూపిస్తోంది, పికప్ పాయింట్ చేంజ్ చేయండి, క్యాన్సిల్ కొట్టకండి, వెయిటింగ్ చార్జ్ పడుద్ది." ఇందులో సగం ఇంగ్లీషే! ఆయన దగ్గర లేనివల్లా 'వేర్ ఆర్ యూ', 'కెన్ యూ', 'ఐ విల్' లాంటి నాలుగు అతుకులు. ఉన్న మాటల్ని వాటితో కుట్టిస్తే మనిషి లేచి నిలబడతాడు. ఆ పని మీరు చేయకండి. 'ఏ ఫర్ యాపిల్' బొమ్మల వీడియో పంపండి. పన్నెండు గంటలు బండి తోలి వచ్చినాయన, మూడేళ్ల కూతురి పక్కన కూర్చుని ఆ యాపిల్ చూడాలి. పాప ముందు చెప్పేస్తుంది. ఆయన నవ్వేసి ఫోను పాపకే ఇచ్చేస్తాడు.

డ్యుయోలింగో యాప్ తప్పనిసరి చేయండి. రోజువారీ వరస, అదే స్ట్రీక్, తెగిందా లేదా అన్నదే చూడండి, నోరు తెరిచారా లేదా అన్నది మనకెందుకు? డైమండ్ లీగ్ దాకా ఎక్కినవాళ్ల స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టి చప్పట్ల ఎమోజీలు కురిపించండి.

ఇక జూమ్. ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకు ఆగిపోతుంది. 'ఆడిబులేనా, ఆడిబులేనా' అని అడగడానికి మొదటి పావుగంట కేటాయించండి. తెలుగు మాట దొర్లితే పది రూపాయల ఫైను, ఫోన్‌పేలో. డాలస్ అమ్మగారు గుండె చిక్కబట్టుకుని, "మై డాటర్ డెలివరీ, ఐ కమ్, త్రీ మంత్స్ స్టే" అన్నారనుకోండి. ఎందుకొచ్చారో ఎన్నాళ్లుంటారో కౌంటర్లో ఆఫీసరుకు తెలిసిపోతుంది. మీకు మాత్రం తెలియకూడదు. 'కమ్' దగ్గరే ఆపి 'ఐ హావ్ కమ్' అనిపించి, ప్రెజెంట్ పర్ఫెక్ట్ మీద పన్నెండు స్లైడ్లు తెరవండి. మళ్లీ మొదలెడితే మళ్లీ ఆపండి. మూడోసారికి ఆవిడ మైకు మ్యూట్ చేసుకుంటారు. క్లాసులో క్రమశిక్షణంటే అదీ.

కోర్సు చివర గూగుల్ ఫారంలో అభిప్రాయాలు తీసుకోండి. ప్రశ్నలు పదిహేను, అన్నీ పొడుగాటి ఇంగ్లీషులో ఉండాలి. చదవగలిగినవాళ్లే నింపుతారు, అంటే ముందే ఇంగ్లీషు వచ్చినవాళ్లు. అందరూ ఐదు నక్షత్రాలే ఇస్తారు. ఆ గ్రాఫును కొత్త బ్యాచ్ ప్రకటనలో పెట్టుకోవచ్చు.