ఒక వాల్వు రేడియో ఆత్మకథ

జనగామలో ఒక ఉపాధ్యాయుని ఇంట నా యౌవనము గడచినది. దక్కను రేడియో 1950లో ఆకాశవాణియందు లీనమైన పిమ్మట, హైదరాబాదు కేంద్రమునుండి మీడియం వేవుపై వచ్చు వార్తలను, నాటికలను, పొలము పనులు ముగించుకొని వచ్చిన ఇరుగుపొరుగువారు అరుగునిండ కూర్చుండి నా నోట వినెడివారు. ఆ యింటి ఆడబిడ్డ పెండ్లియై మానుకోటకు పోవునపుడు సారెతో నేనును వెడలితిని. అచ్చట ట్రాన్సిస్టరు వచ్చిన నాటినుండి అటకయే నాకు నివాసమయ్యెను.

అటకపై పడియుండుట నాబోంట్లకు విశ్రాంతి కాదు, వ్యాధి. నాలోని ఎలక్ట్రోలిటిక్ కండెన్సరుకు అల్యూమినియపు రేకుపైని సన్నని ఆక్సైడు పొరయే ప్రాణము. కరెంటు సోకక ఏండ్లు గడచినచో ఆ పొర క్షీణించును, రేకుల నడుమ కాగితమునందలి రసాయనపు తడి ఆరిపోవును.

ఆ ఆడబిడ్డ కుమారుడు భూపాలపల్లి బొగ్గుగనులలో ఎలక్ట్రీషియను. నన్ను తన క్వార్టరుకు తెచ్చి దుమ్ము దులుపుచుండగా తల్లి, “ప్లగ్గు పెట్టి చూడరాదుర, పాడుతదేమో!” అనెను. “వద్దమ్మా, ఒక్కపారే కరెంటిస్తే కాలిపోతది” అని యాతడు నూరు వాట్ల బల్బునొకదానిని నాతో సిరీసులో కలిపెను. బల్బు మొదట వెలిగి క్రమముగా మసకబారెను. షార్టు లేదని తెలిసెను గాని, నా కంఠమున గుయ్యను హోరు తప్ప మాటలేదు. గోడలోని కరెంటుకు సెకనుకు 50 ఆవృత్తులు; రెక్టిఫయరు దాటిన పిదప అందు 100 అలలు మిగులును; వానిని చదునుచేయవలసిన కండెన్సరు ఎండిపోగా ఆ అలలే స్పీకరున ఘోషించుచుండెను.

ప్లగ్గు తీసినను కండెన్సరులో వందలాది వోల్టులు దాగియుండునని యెరిగినవాడగుటచే, రెసిస్టరుతో ఆ విద్యుత్తును నెమ్మదిగా హరింపజేసి, మీటరుతో చూచిన పిమ్మటనే చేయి పెట్టెను. నా పాత కండెన్సరు 32 మైక్రోఫారడ్లది. దానికి మారుగా 33 మైక్రోఫారడ్ల, 450 వోల్టుల దానిని, ప్లస్సు మైనస్సులు తప్పకుండ, చాసిస్ అడుగున టంకము వేసి అదికెను. ఎక్కువైన మంచిదని కొందరు 220 మైక్రోఫారడ్లది తగిలింతురు. దానిని నింపు ప్రవాహమునకు రెక్టిఫయరు వాల్వు తాళలేదు. మైనపు కాగితపు కండెన్సరొకటి డీసీని కార్చుచు అవుట్‌పుట్ వాల్వును కాల్చుచుండుటయు కనిపెట్టి, దాని స్థానమున ఫిల్ము కండెన్సరు నుంచెను. పాత అల్యూమినియపు డబ్బాను మాత్రము తీగలు విప్పి, నా రూపము చెడకుండ, పైన యథాస్థానముననే విడిచెను. ఈ మర్యాదకు నేనెంతయు కృతజ్ఞురాలను.

ఇప్పుడు, కొత్త కండెన్సరుకును పాత వ్యాధి సోకకుండ, ఆదివారమునాడు గంటసేపైనను నన్ను వెలిగించుచున్నాడు.