ముఖం చూపితేనే ముద్ద

బ్రిటన్‌లో పిల్లల్ని తన ఇంట్లో సాకే ఆయమ్మ ముందు సొంత డబ్బుతో పాలు కొని, ఐదేళ్లలోపు బిడ్డకు రోజుకు 189 మిల్లీలీటర్ల లెక్కన సర్కారు దగ్గర రాబట్టుకుంటుంది. తెలంగాణలోని నాగర్‌కర్నూల్‌లో ఆ తిప్పలు లేవు. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణికీ బాలింతకూ 200 మిల్లీలీటర్లు అంగన్‌వాడీలోనే పోయమంది. పదకొండు మిల్లీలీటర్లు మనమే ఎక్కువ! (అక్కడ బిడ్డకు, ఇక్కడ తల్లికి కదా అని గుచ్చకండి.)

చిక్కంతా పసిబిడ్డ కోసం ఇంటికిచ్చే పోషకాహార పిండి, బాలామృతం దగ్గర. 2025 జులై నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ తల్లి ముఖాన్ని గుర్తుపడితేనే అది చేతికొస్తుంది. దొంగ లెక్కలు ఆగొద్దా అంటారు, ఆగాలి, కాదన్నదెవరు? కానీ ఊళ్లో ప్రతి కాన్పునూ వేళ్ల మీద చెప్పే అంగన్‌వాడీ టీచరమ్మ కన్ను సాక్ష్యానికి పనికిరాదట, ఆమె చేతిలోని ఫోను కన్ను పనికొస్తుందట. అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంట (గూడెం) నుంచి సిగ్నల్ కోసం గుట్టెక్కిన తల్లి ముఖం చెమటకు మారిపోతే పాపం యాప్ మాత్రం ఏం చేస్తుంది? బిడ్డ ఏడుపును గుర్తుపట్టే వెర్షన్ ఇంకా రాలేదు.