బంతి పట్టినవాడే ఆట ముగించేవాడు

మా రోజుల్లో బేస్‌బాల్ పిచ్చర్ అంటే, బంతి అందుకున్నాడంటే చాలాసార్లు తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాకే దిగేవాడు. ఇప్పుడు ఐదో ఆరో ఇన్నింగ్స్ అయ్యేసరికి మేనేజర్ వచ్చి చెయ్యి చాపుతాడు, కుర్రాడు బంతి ఇచ్చి వెళ్లి కూర్చుంటాడు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మేం డాలస్ వచ్చిన కొత్తలో, 1989 ఆగస్టు 22న, ఆర్లింగ్టన్ స్టేడియంలో పిచ్చర్ నోలన్ రయాన్ 5,000వ స్ట్రైకౌట్ నా కళ్లతో చూశాను. ఆయన వయసు అప్పటికే 42. పైన కప్పు లేదు, రాత్రయినా ఉక్క తగ్గలేదు. రికీ హెండర్సన్ అంతటివాడు బ్యాట్ ఊపితే బంతి తగల్లేదు. స్టేడియమంతా లేచి నిలబడింది. నా పక్కనున్న ముసలాయన టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

రయాన్ 27 సీజన్లు ఆడాడు. ఒక్క హిట్టూ ఇవ్వని ఆటలు ఏడు. చివరిది 1991లో, 44 ఏళ్ల వయసులో. 1974 జూన్‌లో బోస్టన్ మీద ఒకే ఆటలో 13 ఇన్నింగ్స్, 235 బంతులు వేశాడు. ఆ ఏడాది ఆయనొక్కడే 26 ఆటలు మొదటినుంచీ చివరిదాకా వేశాడు. 2023లో ముప్పై జట్లూ కలిపితే అలాంటివి 35! 2022లో పిచ్చర్ క్లేటన్ కెర్షా ఏడు ఇన్నింగ్స్‌లో ఒక్కణ్ణి కూడా బేస్ ఎక్కనివ్వలేదు. అయినా 80 బంతులకే దింపేశారు.

చెయ్యి కాపాడుకోవాలి కదా అంటారు. మరి మోచేతి ఆపరేషన్లు ఎందుకు పెరిగాయి? పిచ్చర్ టామీ జాన్‌కి మొట్టమొదట ఆ ఆపరేషన్ చేసింది 1974లో. ఇవాళ హైస్కూలు పిల్లలకే చేస్తున్నారు. వేగం కొత్తదేం కాదు, రయాన్ బంతి ఆ రోజుల్లోనే గంటకు 100 మైళ్లు దాటింది. కానీ ఆయన బలమంతా కాళ్లలో ఉండేది. ఆట అయ్యాక కూడా వ్యాయామం సైకిల్ తొక్కేవాడు. ఆయన మోచేతి లిగమెంట్ తెగింది 46 ఏళ్ల వయసులో!

మా మనవడికి పన్నెండేళ్లు. వాళ్ల కోచ్ ఏడాది పొడుగునా రాడార్ గన్ పెట్టి ప్రతి బంతీ శక్తికొద్దీ వెయ్యమంటాడు. మొన్న వాడు భోంచేస్తూ ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకున్నాడు. నాకు ముద్ద దిగలేదు.

పిల్లల్ని ఈ ఆటలో పెట్టిన మన తల్లిదండ్రులకు ఒక్క మాట. ముందు కాళ్లూ నడుమూ గట్టిపడనివ్వండి. ఏడాదిలో కొన్ని నెలలు ఆ చేతికి సెలవివ్వండి. వేగం తర్వాత అదే వస్తుంది.